ఐలయ్య, ఎల్లయ్య: షోలాపూర్‌కు వలసపోయిన ఒక పద్మశాలి కుటుంబం కేసు

"మా ముత్తాత ఐలయ్య ఏ ఊరి నుంచి షోలాపూర్‌కు వచ్చిండు?" ఈ కేసులో నా ముందుకు వచ్చిన ప్రశ్న ఇదొక్కటే. అడిగింది షోలాపూర్‌లో టీచరుగా పనిచేస్తున్న ఒక పద్మశాలి ఆడబిడ్డ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువూ రాతా మరాఠీలో. వరంగల్‌లో ఉండి పాత ఉర్దూ కాగితాలు, మరాఠీని పూర్వం రాసిన మోడీ లిపి కాగితాలు చదివి కుటుంబాల వంశవృక్షాలు కట్టడం నా పని. షోలాపూర్, భీవండీ, సూరత్ వైపు నుంచి ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తుంటాయి. చాలావాటికి ఊరి పేరు దొరకడంతో పని అయిపోతుంది. ఈ కేసు ఊరి కోసం మొదలై, అసలు ముత్తాత ఎవరన్న దగ్గరికి వచ్చింది. అందుకే మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఇంటిపేరు, గోత్రం రాయను. తండ్రుల పేర్లు మార్చాను. ఐలయ్య, ఎల్లయ్య అన్న పేర్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. కేసంతా ఆ రెండు పేర్ల మీదే నడిచింది. మా దిక్కు ప్రతి వాడలో వినబడే పేర్లవి, వాటిని బట్టి ఎవరినీ గుర్తుపట్టడం కాదు.

ఆమె దగ్గర ఉన్న ఆధారాలు కొన్నే. ధర్మారం అన్న ఊరి పేరు, అది ఏ ధర్మారమో తెలియదు. పెళ్లిళ్లలో చెప్పుకునే గోత్రం. వాళ్ల తాత బడి విడిచిన దాఖలా, లామినేషన్ చేయించింది. ఈ దాఖలా వాళ్ల ఇంట్లో భద్రంగా ఉండటానికి కారణం ఉంది. మహారాష్ట్రలో వెనుకబడిన తరగతుల కుల ధ్రువీకరణకు 1967 అక్టోబర్ 13కు ముందు నుంచే అక్కడ ఉన్నట్టు కాగితం చూపించాలి. అందుకని అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో తాతల బడి కాగితాలు బంగారంతో పాటు బీరువాలో ఉంటాయి. మన ఊళ్లలో ఆ అవసరం రాలేదు కాబట్టి అంత పాత బడి కాగితం దొరకడం అరుదు.

కాగితాలతో పాటు మూడు కథలు కూడా ఉన్నాయి. నానమ్మ చెప్పినది: ముత్తాత జ్వరాల ఏడాది పోయాడు, అప్పటికి తాత చిన్న పిల్లవాడు. పెద్ద బాబాయి చెప్పినది: 1930లో షోలాపూర్‌లో మార్షల్ లా పెట్టినప్పుడు ముత్తాత పిల్లల్ని గడప దాటనియ్యలేదు, మగ్గం గుంటలో దాచాడు. ఇంకో చిన్నాన్న చెప్పినది: ముత్తాత పెద్దపల్లి టేషన్‌లో రైలెక్కి వచ్చాడు. జ్వరాల ఏడాది అంటే 1918, ఇన్‌ఫ్లూయెంజా వచ్చిన ఏడాది. ఆ ఏడు పోయిన మనిషి 1930లో పిల్లల్ని దాచడు. ఇంట్లో వాళ్లు ఈ తేడాను పెద్దగా పట్టించుకోలేదు, "పెద్దోళ్లు కలిపి చెప్తరు సార్" అన్నారామె. నాకు మాత్రం పని మొదలుపెట్టాల్సిన చోటు అదే అనిపించింది. ఇంటి కథల్లో రెండు మాటలు పొసగకపోతే ఒకటి అబద్ధమని కొట్టేయడం తొందరపాటు. రెండూ నిజం కావాలంటే ఏం జరిగి ఉండాలో ముందు అడగాలి.

మా ప్రాంతం నుంచి షోలాపూర్‌కు నేతవాళ్లు ఎందుకు పోయారో కొంచెం చెప్పాలి. బొంబాయి నుంచి వచ్చిన రైలు 1860లోనే షోలాపూర్ చేరింది. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు నడిచింది. నూలు అక్కడే తయారు, చీరలకు దక్కన్ అంతటా గిరాకీ, ఇక్కడేమో సావుకారు దగ్గర నూలుకు అప్పు, గుడ్డ ఆయనకే అమ్మాలన్న కట్టు. 1874లో వాడి–సికింద్రాబాద్ లైను, 1886లో సికింద్రాబాద్–వరంగల్ లైను పడ్డాక దారి సులువైంది. 1876–78 కరువు, 1899–1900 కరువు మిగిలిన పని చేశాయి. పోయినవాళ్లలో కొందరు మిల్లుల్లో చేరారు, చాలామంది తమవాళ్లు పెట్టిన చేమగ్గాల కార్ఖానాల్లోనే నేశారు. వంశవృక్షం కట్టేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. మిల్లులో చేరిన మనిషికి టికెట్ నంబరు ఉంటుంది, పేరు రిజిస్టరులో ఉంటుంది. కార్ఖానాలో నేసిన మనిషికి సావుకారు చోప్డాలో, అంటే లెక్కల పుస్తకంలో, బాకీ తప్ప మరేమీ ఉండదు, ఆ చోప్డా కూడా బాకీ తీరాక ఉండదు.

ఇలాంటి కేసు ఏది వచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి పేరు కాగితం మీద పెట్టాల్సిన అవసరం ఎవరికి పడింది? రాజుకు పన్ను కావాలి కాబట్టి భూమి ఉన్నవాడి పేరు రాశాడు. భూమి లేని నేతగాడి పేరు రాయాల్సిన అవసరం నిజాం సర్కారుకు పెద్దగా పడలేదు. ఆయన ఉన్న ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది, గ్రామకంఠానికి సర్వే నంబర్లే ఉండవు. జనాభా లెక్కల్లో వెతకండి అని చాలామంది అడుగుతారు. మన దగ్గర పాత జనగణనల్లో అంకెలే మిగిలాయి, ఇంటింటి పేర్లున్న కాగితాలు మిగల్లేదు. అందుకని నేరుగా ధర్మారం వచ్చి పాత పహాణీలు తిరగేయడం ఈ కేసులో దండగ. మనిషి ఎక్కడ చనిపోయాడో, పిల్లల్ని ఎక్కడ బడికి పంపాడో అక్కడి నుంచే వెనక్కి రావాలి. కాబట్టి మొదట షోలాపూర్ కాగితాలు.

దాఖలా అన్నది నకలు మాత్రమే. అసలు ఉండేది బడిలోని జనరల్ రజిస్టర్. ఆమె స్వయంగా టీచరు కావడం కలిసొచ్చింది, తాత చదివిన ప్రాథమిక పాఠశాల పాత రిజిస్టరు ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు. 1921 నాటి పుట. పిల్లవాడి పేరు, పక్కన తండ్రి పేరు, ఆ పక్కన ఇంటిపేరు, బొంబాయి ఇలాఖా పద్ధతిలో వరుసగా. కులం గడిలో 'పద్మసాళీ'. వయసు ఏడేళ్లు. తండ్రి పేరు దగ్గర 'యల్లయ్యా' అని ఉంది, మన ఎల్లయ్యను మరాఠీలో అలా రాస్తారు. 'పాలక్', అంటే సంరక్షకుడు, అన్న గడి వేరే ఉంది, అందులో 'ఐలయ్యా' అని ఉంది. దాఖలాలో పాలకుడి గడి ఉండదు, తండ్రి పేరే దిగుతుంది. అందుకే ఇంట్లో వాళ్లు ఇన్నాళ్లూ 'యల్లయ్యా' అన్నది మరాఠీ మాస్తరు వినికిడి పొరపాటనుకున్నారు. ఐలయ్యను యల్లయ్యా అని రాశాడు, అంతే అనుకున్నారు.

ఆ పుటకు ఒక చిన్న అర్జీ చీటీ అంటించి ఉంది. పిల్లవాణ్ణి చేర్చుకోమని పాలకుడు ఇచ్చింది. విషయమంతా ఎవరో మరాఠీలో రాసిపెట్టారు, కింద సంతకం మాత్రం తెలుగులో. ఫొటోను పెద్దది చేసి చూశాను. 'ఐ' చాలా పెద్దది, గీత కిందికి లాగి ఉంది. 'లయ్య' చిన్నగా, కుడివైపుకు పైకి ఎక్కుతూ. అలవాటుగా సంతకాలు పెట్టే మనిషి రాత కాదది. ప్రతి అక్షరం ఆగి ఆగి రాసింది. కానీ తన పేరు ఏమిటో ఆ మనిషికి స్పష్టంగా తెలుసు, 'ఐ' తోనే రాశాడు. మాస్తరు అదే పుటలో ఒక గడిలో ఐ, ఇంకో గడిలో య రాశాడు. ఒకే చేత్తో, ఒకే సిరాతో, ఒకే రోజు. వినికిడి పొరపాటైతే రెండు గడుల్లోనూ ఒకటే పడాలి కదా.

ఇక్కడ మూడు దారులున్నాయి. ఐలయ్య, యల్లయ్య ఒకే మనిషి. లేదా అన్నదమ్ములు. లేదా తండ్రి ఒకరు, చేరదీసినవారు పరాయివాళ్లు. ఏది నిజమో తేల్చాలంటే చావు రిజిస్టర్లు చూడాలి. షోలాపూర్ పురపాలక సంఘం జనన మరణాల నమోదు పాతది, ఆ రికార్డు ఏడాది వారీగా ఉంది. నానమ్మ మాట పట్టుకుని 1918 అక్టోబర్ దగ్గర మొదలుపెట్టించాను.

ఆ నెల పుటలు చదవడం మనసుకు కష్టమైన పని. ఇన్‌ఫ్లూయెంజా రెండో దఫా బొంబాయి ఇలాఖాను చుట్టేసిన రోజులు. చావుకు కారణం రాసే గడిలో పైనుంచి కిందికి ఒకటే మాట, 'తాప్', అంటే జ్వరం. తర్వాతి పుటలోనూ అంతే. కొన్ని చోట్ల గుమాస్తా మాట రాయడం మానేసి పైదాని కింద రెండు చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. వయసుల గడి చూస్తే ఇరవై ఆరు, ముప్ఫై, ఇరవై రెండు. పనిచేసే ఈడు మనుషులే ఎక్కువ. ఆ వరుసలో ఒకటి: యల్లయ్యా, తండ్రి పేరు రాజయ్యా, మా క్లయింటు ఇంటిపేరు, సాళీ, 32 ఏళ్లు, సాఖర్ పేఠ్, తాప్. నాలుగు రోజుల ముందు అదే ఇంటి చిరునామాలో ఒక ఆడమనిషి, 25 ఏళ్లు, యల్లయ్య భార్య అని. కారణం గడిలో రెండు చుక్కలు.

అంటే 1921లో బడి పుట మీద సంతకం పెట్టిన మనిషి ఈయన కాదు. ఐలయ్య చావు కోసం ముందుకు పోతే 1937లో దొరికింది. ఐలయ్యా, తండ్రి పేరు నర్సయ్యా, అదే ఇంటిపేరు, అదే సాఖర్ పేఠ్, వయసు అరవై. తండ్రుల పేర్లు వేరు. కాబట్టి సొంత అన్నదమ్ములు కాదు. ఇంటిపేరు ఒకటే, వాడ ఒకటే కాబట్టి దాయాదులు కావచ్చు. 'కావచ్చు' దగ్గర ఆగితే కుటుంబానికి మేలు కన్నా కీడే ఎక్కువ. తాతను కన్న తండ్రి వేరు అని చెప్పే ముందు ఆ ఇద్దరి మధ్య చుట్టరికం కాగితం మీద చూపించాలి.

దానికి నానమ్మ మాటే మళ్లీ అక్కరకొచ్చింది. "బూడిద గోదాట్ల కలిపిండ్రంట" అని ఆమె అనేదట. ధర్మారం దిక్కు వాళ్లకు గోదారి అంటే ధర్మపురి, లేదా కాళేశ్వరం. షోలాపూర్ నుంచి అంతదూరం రావడం అప్పట్లో కష్టం. రైలు మీద అందే గోదారి నాసిక్. నాసిక్ తీర్థపురోహితుల దగ్గర వహీలు, అంటే వచ్చినవాళ్ల వంశాలు రాసుకునే పుస్తకాలు, ఉంటాయి. ఎవరొచ్చారు, ఎవరి కర్మకు వచ్చారు, తండ్రి, తాత, అన్నదమ్ములు, కొడుకులు, సొంత ఊరు, ఇప్పుడుంటున్న ఊరు, అన్నీ రాసుకుంటారు. వచ్చే తరం అక్కడికే వస్తుంది, దక్షిణ అక్కడే ఇస్తుంది కాబట్టి ఆ పేర్లు రాసి ఉంచాల్సిన అవసరం పురోహితుడిది. హరిద్వార్ వహీలను అమెరికాలోని ఉటా వంశావళి సంఘం వాళ్లు ఫిల్ముల మీదికి ఎక్కించి పెట్టారు, కానీ మా ప్రాంతపు నేతవాళ్ల కేసుల్లో నాకు ఎక్కువగా పనికొచ్చింది నాసిక్, త్ర్యంబకేశ్వర్, కాశీ. వెళ్లేముందు ఇంటిపేరు, కులం, మూల గ్రామం మూడూ చెప్పగలగాలి. పురోహితుల ఇళ్లు ప్రాంతాల వారీగా పంచుకుని ఉంటాయి. 'మోగలాయీ సాళీ' అనగానే ఏ ఇంటికి పోవాలో గోదావరి గట్టు మీద వాళ్లే చెప్పారు. నిజాం రాజ్యాన్ని మరాఠీవాళ్లు మోగలాయీ అనేవారు. పాత కాగితాల్లో హైదరాబాద్ అని వెతికితే దొరకదు, మోగలాయీ అని వెతకాలి.

పురోహితుడు పొడుగాటి వహీ తీసి నేల మీద పరిచారు. మోడీ లిపి, శకం 1826. దానికి 78 కలుపుకుంటే 1904–05. ఐలయ్య వచ్చింది తల్లి కర్మకు. ఆమె కూడా షోలాపూర్ వచ్చే చనిపోయిందన్నమాట. ఐలయ్య తండ్రి నర్సయ్య, తాత పేరు. కింది వరుసలో 'చులత్ భావూ యల్లయ్యా', అంటే చిన్నాయన కొడుకు, అతని తండ్రి రాజయ్య. ఇద్దరికీ తాత ఒక్కడే. ఆ కింద: 'ధర్మారం, జిల్హా యెలగందల్, మోగలాయీ. హల్లీ ముక్కాం షోలాపూర్.' అంటే ఇప్పుడుంటున్నది షోలాపూర్. చివర తెలుగులో సంతకం. గీత కిందికి లాగిన పెద్ద 'ఐ', కుడివైపుకు ఎక్కే 'లయ్య'. బడి చీటీ ఫొటో పక్కన పెట్టి చూశాం. పదిహేడేళ్ల ఎడం ఉన్నా చెయ్యి అదే.

క్లయింటు అక్కడే ఉన్నారు. వాళ్ల తాత తండ్రి యల్లయ్య, పెంచింది ఐలయ్య అని ఆ పుట దగ్గర ఆమెకే అర్థమైంది. నేను చెప్పాల్సిన పని రాలేదు.

ఆ వహీలోని 'యెలగందల్' అన్న మాట ఊరి విషయంలో సగం పని చేసిపెట్టింది. ధర్మారాలు చాలా ఉన్నాయి. మా గీసుగొండ దగ్గర ఒకటి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి వైపు ఒకటి, పెద్దపల్లి దగ్గర ఒకటి. ఎలగందల జిల్లా అన్నది 1905లో కరీంనగర్ జిల్లా అయింది, ఇందూరు నిజామాబాద్ అయింది. కాబట్టి 1904లో యెలగందల్ అని రాశారంటే వరంగల్ ధర్మారం కాదు, ఇందూరు ధర్మారం కాదు. ఇక్కడ నాకు ఇంకో ఆశ కూడా ఉండింది. ఐలయ్య అన్న పేరు ఐలోని మల్లన్న పేరు మీద పెడతారు, ఐనవోలు మా వరంగల్ దగ్గరే. అలా చూస్తే గీసుగొండ వైపే మొగ్గాలి. కానీ ఆ మల్లన్న మొక్కులు కరీంనగర్ దిక్కు ఊళ్లలోనూ తరతరాలుగా ఉన్నాయి. పేరును బట్టి ఊరును తేల్చడం ఎప్పుడూ బలహీనమైన వాదనే. కాగితం జిల్లా పేరు చెప్తుంటే పేరు మీద ఊహ కట్టనక్కర్లేదు.

కానీ ఆ జిల్లాలో కూడా ధర్మారం ఒక్కటే కాదు. జమ్మికుంట దగ్గరా ఒకటుంది. ఇక్కడ చిన్నాన్న రైలు కథ పనికొచ్చింది. 1900 ప్రాంతంలో పెద్దపల్లిలో రైలెక్కడం అసాధ్యం, కాజీపేట–బల్లార్షా లైను పడింది 1920ల్లో. అప్పటికి ఐలయ్య షోలాపూర్ చేరి పాతికేళ్లు. మొదటిసారి వాళ్లు వరంగల్ వైపు నడిచొచ్చి రైలెక్కి, సికింద్రాబాద్, వాడి మీదుగా పోయి ఉండాలి. మరి పెద్దపల్లి టేషన్ అన్నది ఎక్కడిది? లైను పడ్డాక ఐలయ్య ఊరికి వచ్చి తిరిగిపోయిన ప్రయాణం అది. పిల్లలు చూసింది, గుర్తుపెట్టుకుంది ఆ ప్రయాణాన్నే. ఏ ఏడు అన్నది కథ తప్పు చెప్పింది, ఏ ఊరు అన్నది సరిగ్గా చెప్పింది. జమ్మికుంట దగ్గరి ధర్మారం మనిషైతే జమ్మికుంట టేషన్‌లోనే ఎక్కుతాడు, పెద్దపల్లి దాకా పోడు.

అప్పుడు ధర్మారం వచ్చాం. ఇలా వచ్చేవాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. బయటి నుంచి వచ్చి పాత కాగితాలు, తాతల పేర్లు అడిగితే ఊళ్లో మొదట పుట్టే అనుమానం భూమి గురించే. "ఏం బిడ్డా, జాగ కోసం వచ్చిండ్రా?" అని కులపెద్ద సూటిగానే అడిగాడు. తప్పులేదు, అలా వచ్చి కొట్లాటలు పెట్టినవాళ్లు ఉన్నారు. అందుకే నేను సర్వే నంబర్ల మాట ముందు ఎత్తను. ఇంటిపేరు, గోత్రం చెప్పి, కూనపులి వాళ్లు ఎవరు వస్తారని అడుగుతాను.

కూనపులి వాళ్ల గురించి తెలియనివాళ్లకు: పద్మశాలీలను ఆశ్రయించి బతికే కథకులు వాళ్లు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసిన పటాన్ని వరుసగా విప్పుకుంటూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్తారు. భావనారుషికి భద్రావతి వల్ల పుట్టిన 101 మంది కొడుకులే 101 గోత్రాలని వాళ్ల కథ. గొల్లవాళ్లకు మందెచ్చుల వాళ్లు, గౌడులకు గౌడజెట్టి వాళ్లు, మాదిగవాళ్లకు డక్కలి వాళ్లు, ఇలా మా దిక్కు చాలా కులాలకు ఉన్నారు. ఊళ్లు వాళ్లలో వాళ్లు మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకుంటారు. తమ వంతు వచ్చినప్పుడు ఆ ఊరికి వచ్చి కథ చెప్పి, ఇంటింటి నుంచి రావాల్సిన త్యాగం, అంటే కట్టుబడి సొమ్ము, తీసుకుని పోతారు. ఏ ఇల్లు ఎవరిది, ఏ గోత్రం, ఎంత ఇవ్వాలి అన్నది వాళ్ల బతుకు లెక్క. భూమిలేని కులాల వంశాలు వెతికేవాళ్లు ఈ కథకులను వదిలేసి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ధర్మారం మిరాశీ ఉన్న కూనపులి పెద్దాయన కథ చెప్పడం తగ్గించాడు, పటం మాత్రం ఇంట్లోనే ఉంది. ఇంటిపేరు, గోత్రం చెప్పగానే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "షోలాపురం పోయినోళ్లా? గా ఇంటి త్యాగం మనియార్డర్ల వచ్చేది మా తాతకు." లోపలికి పోయి ఒక పుస్తకం తెచ్చాడు. ఆయన తండ్రి తెలుగులో రాసుకున్నది, అంతకుముందున్న చిరిగిపోయిన పుస్తకం చూసి ఎత్తిరాసినదట. ఊరు, ఇంటిపేరు, గోత్రం, ఇంటి పెద్ద పేరు, త్యాగం. మా క్లయింటు ఇంటిపేరు దగ్గర రెండు వరుసలు. ఒకదాంట్లో 'ఐలయ్య', ఇంకోదాంట్లో 'ఎల్లయ్య'. రెండింటి పక్కనా 'షోలాపురం'. ఎల్లయ్య వరుసలో పేరు చుట్టూ గీత గీసి పక్కన ఇలా ఉంది: 'కొడుకు ఐలయ్య తాన. రెండిండ్ల త్యాగం ఐలయ్యే.'

ఈ ఒక్క వాక్యం విలువ ఎంతో చెప్పాలి. ఎల్లయ్య పోయాక ఆ ఇల్లు ఐలయ్య ఇంట్లో కలిసిపోయిందనుకుంటే ఐలయ్య ఒక్క త్యాగమే ఇస్తే సరిపోతుంది. ఆయన అలా చేయలేదు. పిల్లవాడు తన దగ్గరే పెరుగుతున్నా, ఎల్లయ్య ఇల్లు వేరే ఇల్లని కథకుడి పుస్తకంలో నిలబెట్టి, దాని త్యాగం తాను కట్టాడు. బడిలో తండ్రి పేరు ఎల్లయ్య అనే రాయించి, తన పేరు పాలకుడి గడిలో పెట్టించిందీ ఆయనే. రెండు చోట్లా ఒకే తీరు. పిల్లవాడికి ప్రేమ తక్కువ చేశాడని కాదు, ఇంట్లో వాళ్లు ఐలయ్యనే ముత్తాత అనుకున్నారంటే ఎలా పెంచాడో తెలుస్తూనే ఉంది. తమ్ముడి పేరు పోకుండా చూశాడు. ఈ కేసులో నేను చూసిన కాగితాలన్నింటిలో నా మనసును పట్టుకున్నది ఈ వరుసే.

రెవెన్యూ కాగితాలు చివరికి చూశాను, చూడకుండా వదలకూడదు కాబట్టి. పాత సేత్వార్, అంటే సర్వే నంబర్ల రిజిస్టరు, ఉర్దూలో ఉంది, మా వాళ్ల పేరు పట్టాదారుల్లో లేదు, ఉంటుందని అనుకోనూ లేదు. 1954–55 ఖాస్రా పహాణీ, అంటే ఫస్లీ 1364, అందులోనూ పట్టా లేదు. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, పాత నకళ్లు తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950లో వచ్చాక తయారైన రక్షిత కౌలుదారుల జాబితాలో ఒక పేరు కనిపించింది, 'లింగయ్య వల్ద్' (ఫలానావారి కొడుకు లింగయ్య) తర్వాత ఉర్దూలో ఒక పేరు. ఊళ్లో ఒక కుటుంబం ఆ లింగయ్య మా తాత, మేము ఐలయ్య మొదటి భార్య సంతానం అని చెప్పింది. మర్యాదగల మనుషులు, అబద్ధమాడాల్సిన అవసరం వాళ్లకు లేదు. కానీ ఉర్దూలో ఐలయ్య, ఎల్లయ్య ఒక్కలాగే పడతాయి. అలిఫ్, యే, లామ్, యే, అలిఫ్. జేర్ జబర్లు అనే అచ్చుల గుర్తులు పెట్టని రాతలో ఐ అని చదవచ్చు, ఎ అనీ చదవచ్చు. ఆ జాబితాలో ఇంటిపేరూ లేదు, తాత పేరూ లేదు. నాసిక్ వహీలో ఐలయ్యకు అప్పటికి కొడుకు ఉన్నట్టు లేదు. కూనపులి పుస్తకంలో ఆ లింగయ్య ఇల్లు వేరే ఇంటిపేరు కింద ఉంది. అందుకని ఆ కుటుంబాన్ని చెట్టులో కలపలేదు. కలపలేదని వాళ్లకు కారణంతో సహా చెప్పాను. ఐ, ఎ తేడా తెలుగు, మరాఠీ కాగితాల్లో నిలుస్తుంది, ఉర్దూలో నిలవదు. వలస కుటుంబాల కేసుల్లో ఒక్క లిపి కాగితాలతో తృప్తిపడకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కుటుంబానికి ఈ సంగతి చెప్పడం కాగితాలు చదివినంత తేలిక కాలేదు. పెద్ద బాబాయికి ఎనభై దాటాయి. "మా తాత ఐలయ్యే. కాగితం ఏమన్న జెప్పనీ" అన్నాడు. వాదించలేదు. ఐలయ్యను ఎవరూ తీసేయడం లేదని, ఎల్లయ్య ఒకడు కలుస్తున్నాడని మాత్రం చెప్పాను. జ్వరాల ఏడాది పోయింది ఎల్లయ్య, మార్షల్ లా రోజుల్లో పిల్లల్ని దాచింది ఐలయ్య. రెండు కథలూ నిజాలే అని విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనంతట తానే నానమ్మ పాత మాట ఒకటి గుర్తుచేశాడు. పెత్రమాస నాడు బియ్యం ఇచ్చేటప్పుడు ఆమె ఎప్పుడూ రెండు చేటలు పెట్టేదట, ఎవరికని అడిగితే "ఇద్దరికి" అని మాత్రం అనేదట. దాన్ని ఆధారం కింద లెక్కపెట్టలేను, ఫైలులో మాత్రం ఆయన మాటగా రాసుకున్నాను.

చివరికి ఇచ్చిన చెట్టు ఇలా ఉంది. పైన ధర్మారం, పాత ఎలగందల జిల్లా, ఇప్పటి పెద్దపల్లి జిల్లా. తాత, ఆయనకు ఇద్దరు కొడుకులు నర్సయ్య, రాజయ్య. దీనికి ఆధారం నాసిక్ వహీ. నర్సయ్య కొడుకు ఐలయ్య, 1877 ప్రాంతం నుంచి 1937. రాజయ్య కొడుకు ఎల్లయ్య, 1886 ప్రాంతం నుంచి 1918. పుట్టిన ఏళ్లు చావు రిజిస్టరులోని వయసులను బట్టి లెక్కగట్టినవి, అందుకే 'ప్రాంతం' అని రాశాను. ఎల్లయ్య నుంచి క్లయింటు తాతకు నిండు గీత, ఐలయ్య నుంచి ఆయనకు చుక్కల గీత, దాని మీద 'పెంపకం, 1918 నుంచి' అని. ప్రతి గీత పక్కన అది ఏ కాగితం మీద నిలబడిందో రాసి ఉంది. ఇక చేయాల్సిన పని ఎల్లయ్య భార్య పుట్టింటిది. 1918 రిజిస్టరులో ఆమెకు పేరు లేదు, 'యల్లయ్య భార్య' అనే ఉంది. పెళ్లి ధర్మారంలో జరిగిందో షోలాపూర్‌లో జరిగిందో తెలిస్తే దారి దొరుకుతుంది. కూనపులి పెద్దాయన పుస్తకంలో వియ్యంకుల ఇళ్లు కూడా రాసుకున్న పుటలున్నాయి. క్లయింటు ముందు ఆ పుస్తకాన్ని పుట పుటా ఫొటోలు తీయించి, ఒక కాపీ పెద్దాయన మనవడికి ఇచ్చే ఏర్పాటు చేస్తున్నారు. ఆ పుటలు వచ్చాక పని మళ్లీ మొదలుపెడతాం.